అడగని లోపం

వ్యాకరణం చదివినవాళ్ళకు లోపం అంటే తప్పు అని అర్థం కాదు. ఉండవలసిన వర్ణమో ప్రత్యయమో కనిపించకుండా పోవడాన్ని లోపం అంటారు. "రాముడు పుస్తకం చదివాడు" అన్న వాక్యంలో పుస్తకం తరువాత రావలసిన ద్వితీయా విభక్తి కనిపించదు. అయినా చదివినది ఎవరో, చదివినది దేనినో వినేవాడికి సందేహం రాదు. ప్రత్యయం మరుగైనా దాని పని మిగిలి ఉంటుంది. ఈ సంగతి కోసం పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. ఏది లోపిస్తుంది, ఎక్కడ లోపిస్తుంది, ఆ లోపం నిత్యమా వైకల్పికమా అని మన వ్యాకర్తలు ఎంతో జాగ్రత్తగా విధించారు. విధి లేని లోపం శాస్త్రంలో లేదు.

నేనిప్పుడు చెప్పబోయే లోపం ఈ జాతికి చెందినది కాదు. అది అడగకుండా వస్తుంది. వచ్చినట్టు చెప్పదు. పోయినదాని గుర్తు మిగల్చదు. గణాంకశాస్త్రానికి ప్రపంచమంతటా వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, బహుపరిమాణ అర్రే నుంచి సూచికలతో ఒక భాగాన్ని తీసుకునేటప్పుడు జరిగే లోపమిది. దీన్ని సౌకర్యమని సమర్థించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇది దోషమనీ, భాషలోనే దిద్దవలసినదనీ, దిద్దేవరకు ఈ భాష నేర్పే ప్రతివాడూ మొదటి పాఠంలోనే హెచ్చరించవలసినదనీ నా వాదం.

తెలుగు పండితుడికి ఈ గొడవ దేనికని అడుగుతారేమో. ఆర్ కూడా ఒక భాషే. దానికీ వ్యాకరణం ఉన్నది. పద్యాల గురులఘువులను లెక్కవేయడానికి నాకు దానితో పని పడింది. భాషను వాడేవాడికి ఆ భాష వ్యాకరణాన్ని ప్రశ్నించే హక్కు ఉంటుంది.

ముందుగా విషయం తెలియని చదువరుల కోసం నాలుగు మాటలు. (కోడ్‌లోని పేర్లను కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను.)

నూరు ఉత్పలమాలల శతకం ఒకటి ఉన్నదనుకోండి. పద్యానికి నాలుగు పాదాలు, పాదానికి ఇరవై అక్షరాలు. ప్రతి అక్షరానికీ గురువైతే 1, లఘువైతే 0 వేస్తే మొత్తం 8000 అంకెలు. వీటిని 100×4×20 కొలతల మూడు పరిమాణాల అర్రేగా అమర్చి దానికి "పద్య" అని పేరు పెట్టవచ్చు. అప్పుడు పద్య[7, 3, 10] అంటే ఏడవ పద్యం, మూడవ పాదం, పదవ అక్షరం, అంటే యతిస్థానం. ఒక సూచికను ఖాళీగా వదిలితే ఆ పరిమాణంలో ఉన్నవన్నీ కావాలని అర్థం. పద్య[ , , 2] అంటే శతకమంతటా ప్రాసస్థానంలోని అక్షరాలు. పద్య[-1, , ] అంటే మొదటి పద్యం తప్ప మిగిలినవి. యంత్రం తనలో ఈ 8000 అంకెలను ఒకే బారుగా పెట్టుకుంటుంది. మొదటి సూచిక అన్నిటికంటే త్వరగా మారుతుంది, ఫోర్ట్రాన్ భాషలో మాదిరిగానే. ఆ లెక్కన పద్య[7, 3, 10] బారులో 3807వ అంకె.

ఇంతవరకు అంతా ముచ్చటగానే ఉన్నది. లెక్క 1 నుంచి మొదలవుతుంది. సున్నా నుంచి లెక్కించాలని డైక్‌స్ట్రా 1982లో గట్టిగా వాదించాడు. ఆయన తర్కం ఆయనది. మొదటి పాదాన్ని సున్నావ పాదమనని ఆర్ పద్ధతి నా వంటివాడికి ఇష్టమే. ఖాళీ సూచికతో "అన్నీ" అని చెప్పడం, రుణసంఖ్యతో "ఇది తప్ప" అని చెప్పడం నిజంగా మంచి రచనాసంప్రదాయాలు. కాబట్టి నేను ఈ భాషకు శత్రువును కాను.

ఇక దోషం దగ్గరకు వద్దాం. తీసుకున్న భాగంలో ఏదైనా పరిమాణం పొడవు ఒకటే అయితే, ఆర్ ఆ పరిమాణాన్నే తొలగిస్తుంది. డ్రాప్ అనే అమరిక దీనికి కారణం. మనం ఏమీ చెప్పకపోతే అది ట్రూ, అంటే తొలగించు. పద్య[7, , ] అంటే 1×4×20 అర్రే రాదు, 4×20 మాత్రిక వస్తుంది. "మీరే ఒక్క పద్యం అడిగారు, ఇక పద్యాల పరిమాణం ఎందుకు?" అంటారు సమర్థకులు. ఏడు అని నా చేతితో రాసినప్పుడు ఈ మాట ఒప్పుకుంటాను. కాని ప్రోగ్రాములో సూచికను ఎప్పుడూ చేతితో రాయం. "ఫలానా లక్షణమున్న పద్యాలు" అని ఒక షరతు రాస్తాం. ఎన్ని వస్తాయో దత్తాంశం చెబుతుంది.

కల్పిత శతకాన్ని పక్కన పెట్టి అసలైన దత్తాంశాన్నే తీసుకుందాం. 1912లో మునిగిన టైటానిక్ ఓడలోని 2201 మంది వివరాల పట్టిక ఆర్‌తో పాటే వస్తుంది. దానికి నాలుగు పరిమాణాలు: తరగతి (మొదటి, రెండవ, మూడవ, సిబ్బంది), స్త్రీపురుష భేదం, వయసు (పిల్లలు, పెద్దలు), బతికారా లేదా. 4×2×2×2, వెరసి 32 గళ్ళు.

మొదటి ప్రశ్న: పిల్లలున్న తరగతుల్లో ఒక్కొక్క దానిలో మొత్తం ఎంతమంది? షరతు రాస్తే మూడు తరగతులు వస్తాయి. వాటిని "ఎంపిక" అనే పేరులో ఉంచి టైటానిక్[ఎంపిక, , , ] తీసుకుని, మొదటి పరిమాణం వెంబడి కూడమని అప్లై అనే ఫంక్షన్‌కు చెబుతాం. 325, 285, 706 అని వస్తుంది. సరైన జవాబు.

రెండవ ప్రశ్న: పిల్లలు చనిపోయిన తరగతుల్లో ఒక్కొక్క దానిలో మొత్తం ఎంతమంది? ఈ పట్టిక ప్రకారం మొదటి, రెండవ తరగతుల్లోని 30 మంది పిల్లలూ బతికారు. మూడవ తరగతిలోని 79 మందిలో 52 మంది చనిపోయారు. కాబట్టి షరతుకు నిలిచేది మూడవ తరగతి ఒక్కటే. ప్రోగ్రాములో షరతు తప్ప ఒక్క అక్షరం మార్చకుండా నడిపించండి. రావలసిన జవాబు 706 అనే ఒకే సంఖ్య. వచ్చేది 510, 196 అనే రెండు సంఖ్యలు. అవి మూడవ తరగతిలోని పురుషుల సంఖ్య, స్త్రీల సంఖ్య.

ఏం జరిగింది? ఎంపికలో ఒకే తరగతి ఉన్నది గనుక తరగతి అనే పరిమాణం మాయమైంది. రెండవ స్థానంలో ఉన్న స్త్రీపురుష భేదం మొదటి స్థానంలోకి జరిగింది. మొదటి పరిమాణం వెంబడి కూడమన్నాం, అది బుద్ధిగా కూడింది. దోషసందేశం లేదు, హెచ్చరిక లేదు, ప్రోగ్రాము ఆగలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఫలితాన్ని కళ్ళతో చూసేవాడు పేర్లను బట్టి గుర్తుపట్టగలడేమో. మొదటి సంఖ్యను తీసుకుని తరువాతి లెక్కలోకి వెళ్ళిపోయే ప్రోగ్రాముకు 706 బదులు 510 దొరుకుతుంది. ఆ పిల్లల మరణంలో ముఖ్యమైన మాట "మూడవ తరగతి". ఫలితంలో నుంచి చెరిగిపోయింది సరిగ్గా ఆ మాటే.

మూడవ ప్రశ్న కూడా వేద్దాం: ఒక్క స్త్రీ కూడా చనిపోని తరగతులు ఏవి? ఏదీ లేదు. మొదటి తరగతిలో నలుగురు, సిబ్బందిలో ముగ్గురు, మిగిలిన రెండింటిలో ఇంకా ఎక్కువమంది చనిపోయారు. ఎంపిక ఖాళీ. అప్పుడు వచ్చే అర్రే కొలతలు 0×2×2×2. అంటే నాలుగు పరిమాణాలూ భద్రంగా ఉన్నాయి! ఏమీ దొరకకపోతే నాలుగు పరిమాణాలు, ఒకటి దొరికితే మూడు, రెండు దొరికితే మళ్ళీ నాలుగు. ఇది ఏ శాస్త్రమో పెద్దలు చెప్పాలి.

ఇంతకంటే విడ్డూరం మరొకటి ఉన్నది. మనం సూచిక ఇవ్వని పరిమాణం కూడా పోవచ్చు. నూరు పద్యాల శతకం స్థానంలో ఒకే చాటుపద్యాన్ని పెట్టి చూడండి. ఇప్పుడు అర్రే 1×4×20. ప్రతి పాదంలో యతిస్థానం వరకు ఉన్న భాగం కావాలని పద్య[ , , 1:10] అంటాం. పద్యాల పరిమాణాన్ని మనం తాకనే లేదు, ఖాళీగా వదిలాం. ఖాళీ అంటే "అన్నీ" అని కదా ఒప్పందం! వచ్చేది మాత్రం 4×10 మాత్రిక. అంతవరకు పద్యసంఖ్యగా ఉన్న మొదటి సూచిక ఇప్పుడు పాదసంఖ్య అయి కూర్చుంటుంది. అన్నీ కావాలంటే ఉన్న ఒక్కటీ పోయింది.

దీనికి మూలం ఎక్కడుందో చెప్పకపోతే విమర్శ సగమే అవుతుంది. ఆర్ భాషలో ఒంటరి సంఖ్య అనేదే లేదు. 7 అన్నా అది ఒకే అంశమున్న వెక్టర్. కనుక "నాకు ఏడవ పద్యం కావాలి" అనే మాటకూ, "నాకు ఈ జాబితాలోని పద్యాలు కావాలి, ఆ జాబితాలో ప్రస్తుతం ఏడు ఒక్కటే ఉన్నది" అనే మాటకూ మధ్య తేడా ఆ భాషకు తెలియదు. మొదటిది ఏకవచన వివక్ష, రెండవది బహువచన వివక్ష. వివక్షను తెలుసుకోలేని భాష లెక్కపెట్టి తానే నిర్ణయించేసుకుంటుంది.

మన తెలుగు ఇలా చేస్తుందా? నీళ్ళు, పాలు, వడ్లు నిత్యబహువచనాలు. కడవెడు ఉన్నా చుక్క మిగిలినా నీళ్ళు నీళ్ళే. మాస్టారు ఒక్కరే వచ్చినా "మాస్టారు వచ్చారు" అంటాం గాని తలలు లెక్కపెట్టి "వచ్చాడు" అనం. రూపం మాట్లాడేవాడి వివక్షను బట్టి ఉంటుంది. వస్తువుల లెక్క దాన్ని మార్చదు. ప్రోగ్రాము రాసేవాడికీ ఇదే మర్యాద దక్కాలి. ఫలితం ఆకారాన్ని రాసిన వాక్యం నిర్ణయించాలి. ఆ పూట దొరికిన దత్తాంశం నిర్ణయించకూడదు.

ఇది సాధ్యం కాని కోరిక అనేవాళ్ళు చరిత్ర చూడాలి. 1960ల నాటి ఏపీఎల్ భాషలోనే ఈ విషయంలో చక్కని నియమం ఉన్నది: ఒంటరి సంఖ్యను సూచికగా ఇస్తే ఆ పరిమాణం పోతుంది, ఒకే అంశమున్న జాబితాను ఇస్తే నిలుస్తుంది. పైథాన్‌లోని నమ్‌పై ఇదే దారి. జూలియా భాష కూడా ఇదే దారి. మూడింటిలోనూ పరిమాణం పోవచ్చు, కాని పోవాలని రాసినవాడు చెబితేనే పోతుంది. జాబితాలో ఎన్ని అంశాలున్నాయో చూసి మనసు మార్చుకోవు.

ఇక సమర్థకుల వాదాలు.

మొదటిది సౌకర్యం. ఆర్‌కు మాతృక ఎస్ అనే భాష. 1976 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చేంబర్స్, ఆయన సహచరులు దాన్ని మొదలుపెట్టారు. దత్తాంశం ముందు కూర్చుని, ఒక్కొక్క ఆజ్ఞ ఇస్తూ, జవాబు చూస్తూ పోవడానికి పుట్టిన భాష అది. ఒక నిలువు వరుస అడిగితే మాత్రిక కాకుండా మామూలు వెక్టర్ రావడం అక్కడ నిజంగా హాయి. ఆ అలవాటే ఆర్‌కు వారసత్వంగా వచ్చింది. ఒప్పుకుంటాను. కాని నేడు ఆర్‌లో రాసేవి నాలుగు పంక్తుల ప్రశ్నలు మాత్రమే కావు. మనిషి చూడకుండా రాత్రివేళ నడిచే ప్రోగ్రాములున్నాయి, ఇతరుల దత్తాంశం మీద పనిచేయవలసిన ప్యాకేజీలున్నాయి. చూసే కన్ను ఉన్నప్పటి సౌకర్యం, ఆ కన్ను లేనప్పుడు ఉచ్చు అవుతుంది. హాయి కావాలనుకున్నవాడికి డ్రాప్ అనే పేరుతోనే విడిగా ఒక ఫంక్షన్ ఉన్నది. పొడవు ఒకటైన పరిమాణాలను తీసేయమని నోరు తెరిచి అడగడానికే అది పుట్టింది. అడిగి తీయించుకునే దారి ఉండగా, అడగకుండా తీసే పద్ధతి ఎందుకు?

రెండవది "మాన్యువల్‌లో రాసే ఉంది" అనే వాదం. రాసి ఉన్నది, నిజమే. నేర్చుకునేవాడు చదవలేదని నిందించి చేతులు దులుపుకునే గురువులను చూస్తున్నాం. తరగతి గదిలో నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక విద్యార్థి తప్పు రాస్తే విద్యార్థిని దిద్దుతాం. తరగతి తరగతంతా, ఏడాది వెంట ఏడాది, అదే చోట అదే తప్పు రాస్తుంటే పాఠాన్ని దిద్దుతాం. ఆర్‌లో అనుభవజ్ఞులైనవాళ్ళు రాసే జాగ్రత్తల పట్టికల్లో డ్రాప్ = ఫాల్స్ పెట్టడం మరవకండన్న సలహా కనిపిస్తూనే ఉంటుంది. ఒకే గుంతలో అందరూ పడుతుంటే, గుంత దగ్గర బోర్డు ఉన్నదనడం జవాబు కాదు. గుంత పూడ్చాలి.

మూడవది అన్నిటికంటే బలమైన వాదం: ఇప్పుడు మారిస్తే పాత ప్రోగ్రాములన్నీ చెడిపోతాయి. దీన్ని నేను తేలికగా తీసిపారేయను. 2000 ఫిబ్రవరి 29న ఆర్ 1.0.0 వెలువడినప్పటి నుంచి జనం రాసిన కోడ్ కొండంత ఉన్నది. అందులో చాలా భాగం ఈ లోపం మీదనే ఆధారపడి ఉన్నది. ఒక్కరాత్రిలో మార్చమని అడగడం న్యాయం కాదు. కాని ఆర్ నిర్వాహకులు పాత అలవాట్లను మార్చనివాళ్ళేమీ కాదు. పదాలను అడగకుండానే ఫ్యాక్టర్లుగా మార్చేసే అమరిక ఎందరినో ఏళ్ళ తరబడి వేధించింది. 2020లో వచ్చిన 4.0.0లో దాన్ని తిప్పివేశారు. ఇఫ్ షరతులో ఒకటికంటే ఎక్కువ విలువలు వస్తే, మొదటిదాన్ని తీసుకుని హెచ్చరికతో సరిపెట్టే పద్ధతిని 2022లో 4.2.0 దోషంగా ప్రకటించి ఆపేసింది. రెండు చోట్లా పాత కోడ్‌కు దెబ్బ తగిలింది. అయినా భాష నిలిచింది, బాగుపడింది కూడా. పట్టికల కోసం వచ్చిన టిబుల్ అనే ప్యాకేజీ ఒక నిలువు వరుస తీసుకున్నా పట్టికనే తిరిగి ఇస్తుంది. దాన్ని వాడుతున్నవాళ్ళు సౌకర్యం పోయిందని గుండెలు బాదుకోవడం లేదు.

మెల్లగా చేసే దారీ ఉన్నది. పేరును సగం రాసినా ఆర్ ఊహించి సరిపెట్టుకునే చోట, కోరుకున్నవాడికి హెచ్చరిక ఇచ్చే ఐచ్ఛిక అమరికలు ఇప్పటికే ఉన్నాయి. డ్రాప్‌కూ అటువంటిదే ఒకటి పెట్టాలి. రాసినవాడు డ్రాప్ గురించి ఏమీ చెప్పకుండా, ఒక పరిమాణం లోపిస్తే "ఫలానా పరిమాణం తొలగించాను" అని ఒక్క మాట చెప్పాలి. కొన్నేళ్ళు అలా నడిపి, జనం తమ కోడ్‌ను సవరించుకున్నాక, డిఫాల్ట్‌ను మార్చాలి.

ఒక పరిమాణం పోతే కొంప మునుగుతుందా అని ఇంకా అనేవాళ్ళుంటే, ఆర్‌తో వచ్చే మరో అర్రేను చూడమంటాను. 1973లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆరు పెద్ద విభాగాలకు దరఖాస్తు చేసిన 4526 మంది వివరాలవి. కొలతలు 2×2×6. విభాగం అనే పరిమాణాన్ని కలిపేసి చూస్తే 2691 మంది పురుషుల్లో 1198 మందికి, 1835 మంది స్త్రీలలో 557 మందికి ప్రవేశం దొరికింది. స్త్రీల పట్ల పెద్ద వివక్ష జరిగినట్టు కనిపిస్తుంది. విభాగం వారీగా చూస్తే కథ మారుతుంది. ఉదాహరణకు మొదటి విభాగంలో 825 మంది పురుషుల్లో 512 మందికి, 108 మంది స్త్రీలలో 89 మందికి సీటు వచ్చింది. ఇది డ్రాప్ చేసిన పని కాదు, కూడికలో జరిగేది. అయినా నేర్పే పాఠం ఒకటే. పరిమాణం అంటే అలంకారం కాదు, అర్థం. ఏ పరిమాణం ఉన్నదో, ఏది పోయిందో తెలియనివాడి తీర్పు తలకిందులవుతుంది. ఇటువంటి తీర్పుల మీదనే మందులు, జీతాలు, ప్రవేశాలు నిర్ణయమవుతున్నాయి.

కాబట్టి ఆర్ నేర్చుకుంటున్న మన పిల్లలకు నా మాట. సూచికలో చరరాశి ఉన్న ప్రతి చోటా, ప్రోగ్రాము లోపల రాసే ప్రతి అర్రే సూచికలోనూ చివర డ్రాప్ = ఫాల్స్ అని రాయండి: టైటానిక్[ఎంపిక, , , , డ్రాప్ = ఫాల్స్]. అప్పుడు మూడవ తరగతి తన పేరుతో సహా నిలిచి 706 అని జవాబు చెబుతుంది. పరిమాణాన్ని తీసేయాలనుకుంటే ఆ మాట విడిగా రాసి తీసేయండి. షరతుకు ఏమీ దొరకనప్పుడు, ఒకటే దొరికినప్పుడు, రెండు దొరికినప్పుడు ప్రోగ్రాము ఏం చేస్తున్నదో మూడు విధాలా పరీక్షించండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి.

నేర్పేవాళ్ళకు ఇంకొక మాట. "ఇక్కడ ఇది రాయాలి, ఎందుకని అడగకు" అని బోధించకండి. ఎందుకో చెప్పండి. భాష చేసిన పొరపాటును విద్యార్థి నెత్తిన రుద్దకండి.

లోపాన్ని విధించే అధికారం రాసేవాడిది. యంత్రం దాన్ని తన చేతుల్లోకి తీసుకోకూడదు. కాదనేవారు ఉదాహరణలతో, తర్కంతో రండి. సంతోషంగా వింటాను.